ఏడో రీలు

బుధవారం టిక్కెట్టు సగం ధర.
మా వారం బుధవారంతోనే మొదలవుతుంది.

నాటకం వదిలాక కొర్రియెంతెస్ వీధిలో
నిలబడి తినే పిజ్జా కొట్టు.
కూర్చుంటే బిల్లు పెరుగుతుంది,
నిలబడితే మాటలకి లెక్క లేదు.

ఓఫెలియా ప్రోగ్రాం కాగితాన్ని చుట్ట చుట్టి
పాలరాతి గట్టు మీద ఇంకా తాళం వేస్తూనే ఉంది.
"అన్ని మెట్లు దిగుతూ, ఊపిరి తెగకుండా, ఆ పిల్ల!
నేను మూడు మెట్లు దిగితే
గొంతు కాదు, మోకాలు పాడుతుంది."

అన్సెల్మో ముప్పయ్యేళ్ళు బస్సు తోలినవాడు.
"తెర లేచేసరికి ఎనిమిది నిమిషాలు లేటు" అంటాడు.
అతని సమీక్ష అంతే.

ఎర్మిందా పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది.
హీరో విరహంతో నోరు తెరిచిన చోట
ఆమెకి కనపడింది పై దవడ, కుడివైపు, కట్టుడు పన్ను.
"అయినా ఏడ్చాను" అంటుంది,
జున్ను తీగని వేలికి చుట్టుకుంటూ.

మధ్యలో గ్యాసు బిల్లు వస్తుంది.
దానికి బాణీ కడితే విషాదాంతమే.
అన్సెల్మో పై వాటాలో కుర్రాడు ట్రంపెట్ నేర్చుకుంటున్నాడు,
నెల్లాళ్ళుగా ఒకటే స్వరం, అదీ తప్పు.
ఎర్మిందా పిల్లి పక్కింటికి కాపురం మార్చేసింది.
ఉల్లిపాయల ధర విని
అందరం ఒకే శ్రుతిలో నిట్టూర్చాం.

తర్వాత, ఎక్కణ్ణుంచి బయల్దేరినా, అక్కడికే.
బొయెదో పేటలో మా పాత సినిమా హాలు.
ఇప్పుడక్కడ కార్లు నిద్రపోతాయి.
డెబ్బై రెండు, జూలై చలి,
కోట్లు విప్పకుండా చూసిన ఆట.
రేవు, ఓడ, బందోనియాన్ వాయించే పిల్ల.
ముగ్గురూ ఆ రాత్రే ఉన్నారు హాల్లో,
ఒకరికొకరు తెలియకుండా.

"ఓడ ఎక్కలేదు. వానలో నిలబడి పాడింది" అంటుంది ఓఫెలియా.
"వానేమిటి? ఎక్కింది. రుమాలు నీళ్ళలో పడింది.
ఓడ టైముకి కదిలింది" అంటాడు అన్సెల్మో.
"అతనే దిగి వచ్చాడు. కోరస్ వాళ్ళంతా టోపీలు ఎగరేశారు.
నేను లెక్కపెట్టాను, పద్నాలుగు" అంటుంది ఎర్మిందా.

నేను ఆలివ్ గింజ ఉమ్మి ఊరుకుంటాను.

ఆ రాత్రి నేను పైన, ప్రొజెక్టరు గదిలో.
పంతొమ్మిదేళ్ళు. కార్బన్ కడ్డీల పొగ.
రెండు హాళ్ళకి ఒకే ప్రింటు,
అక్కడ ఆడిన రీలు సైకిలు మీద ఇక్కడికి.
ఆరోది అయిపోవస్తోంది,
ఏడోది రాలేదు.
ఆ పిల్ల ఒక కాలు నేల మీద, ఒక కాలు ఓడ మెట్టు మీద.
తెర తెల్లబడింది.

ఈలలు పడతాయనుకున్నాను. కుర్చీలు విరుగుతాయని.
ఎవరూ కదల్లేదు.
ఆ తెలుపులోకి చూస్తూ కూర్చున్నారు చాలాసేపు,
ఆనక మఫ్లర్లు సర్దుకుని లేచారు.
కథ కంచికి పోలేదు.
జనం మాత్రం ఇంటికి పోయారు.

సైకిలు కుర్రాడు తెల్లారి వచ్చాడు, మోచేతికి కట్టుతో.
డబ్బా మూత తియ్యకుండానే ప్రింటు రొసారియో రైలెక్కింది.
ఆ ఏడో రీలు నేనూ చూడలేదు.

ఇరవయ్యేళ్ళ స్నేహం, వీళ్ళకి చెప్పలేదు.
చెబితే ఆ పద్నాలుగు టోపీలు ఎక్కడ పడాలి?
పైగా నాకూ తెలుసుకోవాలనే ఉంటుంది,
ప్రతి బుధవారం, ఆ పిల్ల ఏం చేసిందో.

"నువ్వూ ఆ పేటవాడివేగా లౌతారో,
ఎప్పుడూ తేల్చవేం?" అంది ఓఫెలియా ఇవాళ.
"వానా, కాదా?"

కొట్టువాడు కుర్చీలు బోర్లిస్తున్నాడు.
అన్సెల్మో గడియారం చూసుకుంటున్నాడు.

"చినుకులు" అన్నాను. "సన్నగా."

ఓఫెలియా కాగితంతో గట్టు మీద ఒక్కటి వేసింది.
అన్సెల్మో నాతో పలక్కుండా బస్సెక్కాడు.
ఎర్మిందా నా మిగిలిన ముక్క లాక్కుని
నా కళ్ళలోకి చూస్తూ తినేసింది.