పిండితో రాసిన ప

కుతాయిసిలో మంచు కరగని ఫిబ్రవరి.
బడి మూసేశాక నా వంటబల్లే బడి.
ఉచాకి పుస్తకం చూపించను,
పిండిముద్ద ఇస్తాను.

"బ కి బొజ్జ మూసుకుంటుంది,
ప కి తెరుచుకుంటుంది.
కళ్లతో కాదు, బొటనవేలితో చూడు."

తొమ్మిదేళ్లవాడు.
కాగితం మీద అక్షరాలు కదులుతాయంటాడు.
కదలవురా అని ఇప్పుడు అనను.
ఒకప్పుడు అన్నాను, ఇంకొకడితో.
మూడో తరగతి, కట్టెల పొయ్యి పక్కన మూల,
పీరియడంతా నిలబెట్టాను.
రిజిస్టర్లో 'బద్ధకం' అని రాశాను,
ముత్యాల్లాంటి అక్షరాలతో, ఎర్రసిరాతో.

పాతికేళ్లయింది.
వాడిప్పుడు మా సందు చివర
మట్టిగాడిలోకి నడుము దాకా వంగి
వేడిగోడకి రొట్టెలు అంటిస్తాడు.
ఉచా వాళ్ల నాన్న.
నా దగ్గర డబ్బు పుచ్చుకోడు.
ఆ రొట్టె నాకు మింగుడుపడదు.

వేలికింద ప తిరిగింది.
"పు..." అన్నాడు ఉచా. ఆగాడు.
నేను అందించలేదు,
మాటని పళ్ల వెనకే పట్టుకున్నాను.
కెటిల్ కూసింది. లేవలేదు.
"పు... రి."
పురి. వాళ్ల భాషలో, నా భాషలో, రొట్టె.
పుట్టినప్పటి నుంచీ తింటున్నదాన్ని
ఇవాళ చదివాడు.

తలుపు దగ్గర బెజాన్,
కొడుకుని తీసుకెళ్లడానికి వచ్చినవాడు,
టోపీ చేతిలో, కనుబొమల మీద పిండి.
ఎంతసేపయిందో వచ్చి.
ఉచా జరిగి చోటిచ్చాడు.

"మక్వలా పంతులమ్మా,
బొజ్జ ఎటువైపు తెరుచుకోవాలన్నారు?"

ముందు కూర్చో, అన్నాను.