కల్యమాకు లెక్క

ముప్పై ఒక్క ఏండ్లు
స్టేషన్ రోడ్డుల మందుల దుకాణం నడిపిన.
పర్కాల నుంచి, వర్ధన్నపేట నుంచి
బస్సు దిగి వచ్చేటోళ్లు
తువ్వాల కొసకు ఒక పత్తాకు ముడేసుకొని.
ముడి సగం విప్పంగనే చెప్పేటోణ్ణి:
లద్దెపురుగా, పచ్చపురుగా,
కాయల దూరిన గులాబీదా.
నోరు చెప్తుండంగనే
చెయ్యి వెనుక అరకు పోయేది.
పురుగు పేరంటే నాకు
ఒక డబ్బా, దాని మీద పసుపు ముక్కోణం,
పంపుకు ఇన్ని మూతలు.

దుకాణం మూసి రెండేండ్లాయె.
గిర్మాజీపేటల మా డాబా మీద
పెయింటు బకెట్ల కల్యమాకు చెట్టు.
మొన్న వానకాలం
పై వాటా సుమయ్య, ఆరో తరగతి,
ఒక రెమ్మ తెంపి నా ముక్కు కింద పెట్టింది.
"అంకుల్, ఇది పిట్ట రెట్టనా, పురుగా?"
అద్దాలు పెట్టుకొని చూసిన.
రెట్టే.
నల్లగ, నడుమ తెల్లటి మరక, తడి మెరుపు.
రెట్ట తల లేపింది.

నోటికి అలవాటైన మాట వచ్చింది,
లీటరుకు రెండు మిల్లీలు అని గూడ అన్న.
"మందు కాదు, పేరడిగిన."

తెల్వదు బిడ్డా.

పచ్చడి సీసాలు కడిగినం,
మూతికి దోమతెర ముక్క, రబ్బరు బ్యాండు.
ఏడు పురుగులు.
రోజూ పొద్దుగాల కాగితం మార్చుడు,
ఆవాలసొంటి పెంటికలు దులుపుడు.
నాలుగు తోళ్లు విడిచినంక
రెట్ట పోయి పచ్చటి బొద్దు పురుగైంది,
బుజాల మీద లేని కండ్లు రెండు.
వేలుతోని తట్టితే
తలకాడ ఎర్రటి కొమ్ములు చాపి
కుళ్లిన బత్తాయి వాసన కొట్టింది.
సుమయ్య నోట్‌బుక్కుల రాసుకున్నది:
"కోపం వస్తే నారింజ పండు."
మా చంద్రకళ వారం దినాలు
కల్యమాకు లేకుంటనే పప్పుచారు పోపేసింది,
ఒక్క మాట అనలేదు,
గంటె మాత్రం జర గట్టిగ పెట్టింది.

బకెట్ల చెట్టు బోడిగైన దినం
కూరగాయల మార్కెట్ల పది రూపాయల కట్ట తెచ్చిన.
మూడు నీళ్ల కడిగిన.
మొదలు మూడు సీసాల్ల వేసిన.
గంట కాలే,
పచ్చటి నీళ్లు కక్కినయి,
వొళ్లు ముడిచి వణికినయి.
ఆ వణుకు నాకు ఎరుకే.
ఏ డబ్బానో, ఏ అరలుండేదో
కండ్లు మూసుకొని చెప్పగల్గుత.
"అరగంటల గుణం కనవడ్తది" అని
నేనే కదా చెప్పి అమ్మింది.

సుమయ్యకు ఏం చెప్పాలె?
ఆకు మంచిగ లేదన్న.
కట్టను మాత్రం వంటింట్లకు పోనియ్యలే.
ఆ పిల్ల సాయంత్రం మట్టెవాడల నానీ ఇంటికి పోయి
బడి సంచి నిండ కల్యమాకు తెచ్చింది.
"ఈ చెట్టుకు ఎవ్వరు ఏం కొట్టరు, అడిగే తెచ్చిన."
అడిగే తెచ్చింది.
నేను అడగలే.

మిగిలినవి నాలుగు.
ఒకటి తెర సందుల నుంచి ఎటో పోయింది,
బీరువా వెనుకదాక దేవులాడినం.
మూడు పుల్లకు వొరిగి,
నడుముకు ఒక్క పోగు పట్టు కట్టుకొని
ఎండిన ఆకు లెక్క ఊగకుంట ఉన్నయి.
అండ్ల ఒకదానికి సూదిమొనంత బెజ్జం పడి
గండుచీమలకన్న చిన్న ఈగలు బయటికొచ్చినయి.
"వీటికి గూడ పేరుంటదా?"
ఉంటది. జాగ విడిచిపెట్టు, తర్వాత రాద్దాం.

సోమవారం ఏడు కొట్టంగ,
సుమయ్య బడి ఆటో ఎక్కిన ఐదు నిమిషాలకు,
ఒకటి పగిలింది.
నలిగిన నల్లగుడ్డ పీలిక.
మెల్లగ సాగింది,
అంచు పొంటి తెల్లటి చుక్కలు ఒక్కొక్కటే విప్పుకున్నయి.
అది ఆరేదాక ఫ్యాన్ బంద్ చేసి
చెమటలు కార్చుకుంట కూసున్న.

అప్పుడే ఫోను.
పర్కాల నుంచి ఐలుమల్లు.
"సేటూ, పత్తిల పురుగు వడ్డది, ఫోటో పంపిన."
చూసిన. గులాబీదే.
మందు పేరు చెప్పిన, కొలత చెప్పిన,
మూతికి గుడ్డ కట్టుకొమ్మన్న.
అప్పు తెచ్చిన పత్తి, ఇంకేం చెప్పాలె?
పెట్టెయ్యబోయి అన్న:
"ఇంటి ముంగట కల్యమాకు చెట్టున్నదా? దానికి కొట్టకు."

"కల్యమాకుకు ఎవడు కొడ్తడు సేటూ!"
అని నవ్విండు.

దోమతెర మీద అది
ఒకసారి రెక్కలు మూసి తెరిచింది.
సాయంత్రం నాలుగున్నరకు ఆటో వస్తది.
అప్పటిదాక ఆగుతదో లేదో.