ఎంత నడిచింది

ఎంత నడిచిందక్కా, అని అడిగిండు
కొంపల్లి నుంచి వచ్చిన పిలగాడు. పేరు ప్రద్యుమ్న.
ముషీరాబాద్‌ల మా షెడ్డు ముందర చెప్పులు విడిచి
నూనె నేల మీద ఉత్త కాళ్లతోటి నిలబడ్డడు.

మీటరు లేదు దానికి. వేళ్ల మీద లెక్క చెప్పిన:
నలభై ఒక్క పరుగు.
పరుగుకు నాలుగు వందల మీటర్లు, రెండడుగులు అటో ఇటో.
మొత్తం పదహారున్నర కిలోమీటర్లు.
అంటే రాణిగంజ్ నుంచి చార్మినార్ పోయి
నిలబడి ఒక చాయ్ తాగి మళ్ల వచ్చినంత.
ఆరేండ్లల్ల అంతే.

అయితే కొత్తదే కదక్కా, అని నవ్విండు.
కాదు తమ్ముడూ.
పదమూడు సెకన్లల్ల ఒక ఎండకాలం మొత్తం
మింగి వచ్చేది ఇది. దీని వయసు దూరంతోటి తెలువది.

నీళ్లు తాగదు. గాలే దీనికి నీళ్లు.
సిలిండర్ల చుట్టూ ఈ రెక్కలున్నయి చూడు,
వీటి సందుల దుమ్ము
పాత టూత్‌బ్రష్షుతోటి నేనే తీసేదాన్ని, పరుగు పరుగుకూ.

దాచుడెందుకు, మూడో సిలిండర్ సంగతి చెప్తా.
దాని ముంగట ఆయిల్ కూలర్ నిలవడ్డది.
గాలి ముందుగాల కూలర్‌కు, మిగిలింది దీనికి.
అందరికన్న ఎక్కువ కాలేదీ ఇదే, నోరు తెరవనిదీ ఇదే.
మా ఇంట్ల నేను మూడోదాన్ని.
ఆ మాట వానికి చెప్పలే.
రెండుసార్లు వాల్వు పోయింది. రెండోసారి గైడు
బాలానగర్ల లేత్ మీద చేయించినం. చిట్టీ ఉన్నది, చూస్కో.

జబ్బార్ ఉస్తాద్ బయటికి రాలే.
లోపల ఎవరిదో స్కూటర్ కార్బురేటర్ విప్పుకుంట కూసున్నడు,
పొద్దున ఒకసారి విప్పిందే.

స్టాండు మీద స్టార్ట్ చేసి చూపించిన.
మొదాలు దగ్గు.
ఆ తర్వాత పై రేకులు, పక్క గోడ, నా పండ్లు,
ఎదురింటి రుక్సానా ఆంటీ బోర్లించిన పళ్లేలు
అన్నీ ఒక్క మాటే మాట్లాడినయి.
పిలగాడు ఫోనుల రికార్డు చేస్తున్నడు.
లోపల స్క్రూడ్రైవర్ ఆగింది.
వీపు కనబడుతనే ఉన్నది నాకు.

ఆపేసినంక టిక్కు టిక్కుమని సల్లారుతది.
ఆ సప్పుడును ధరల కలుపలే.

ఎందుకు అమ్ముతున్నరక్కా?
పరుగు పెట్టిన రన్‌వే మీద వెంచర్ వేసిండ్రు.
విమానాలు దిగుడు మానేసిన రన్‌వే,
మాకు తప్ప ఎవరికీ అక్కర లేకుండె.
ఇప్పుడు తెల్ల రాళ్లు, పసుపు రాళ్లు,
గేటుకాడ రెండు సిమెంటు ఏనుగులు.
మా ఫినిష్ గీత నూట పద్నాలుగో నంబరు ప్లాట్ల ఉన్నది.
తూర్పు ముఖమట.

లక్షా ఎనభై అన్న. లక్షా ఇరవై అన్నడు.
వాళ్ల తాత బీటిల్ కారుల పెట్టి
ఆఫీసుకు పోతడట, గచ్చిబౌలికి!
వద్దు. సిగ్నల్ల నిలబడితే గాలెక్కడిది?
రెండు సిగ్నళ్లకు చస్తది, పైసలు నీ దగ్గరే ఉంచుకో, అన్న.
వాడు నేల చూసిండు.
అయితే ఆదివారం, తెల్లారకముందు, రింగ్ రోడ్డు మీద
ఒక్కసారి తీస్త అక్కా, అన్నడు.
లక్షా నలభైకి తెగ్గొట్టిన.
ఉస్తాద్ వింటే తిడతడని మెల్లగ.

ట్రాలీ ఆటోల గోనెసంచులు పరిచి పండవెట్టినం,
తాడు కట్టినం.
కొంపల్లి పద్నాలుగు కిలోమీటర్లు.
బతుకంతా ఉరికినంత దూరం
ఇయ్యాల ఒక్క విడతల పోతది, నిద్రల.

ఆటో గుంతలు తప్పించుకుంట, సైకిలోనికి దారిచ్చుకుంట
సందు మలుపు తిరిగింది.
అప్పుడు ఉస్తాద్ గడప దాకా వచ్చిండు.
చేతుల స్టాప్‌వాచ్.

యాభై రెండు, అన్నడు.
ఇంత ఆలస్యం ఎన్నడూ చెయ్యలే.