క్యాంటీన్ ట్యూబ్‌లైటు

మణలిలో ఆ మోటారు
మూడోసారి కూడా నిలదొక్కుకోలేదు.
మూలిగింది, సగం వేగం అందుకుంది,
రిలే టక్కుమంది.
పన్నెండువందల యాభై కిలోవాట్లు
మళ్ళీ ఉత్త ఇనుము.

నా కాగితం మీద మాత్రం అంతా క్షేమం.
ఆరువందల నలభై మీటర్ల కేబులు,
నూట ఎనభై ఐదు సైజు అల్యూమినియం,
దారిలో పోయేది మూడు శాతం.
రాత్రి రెండుసార్లు లెక్క వేశాను.
పొద్దున కొరుక్కుపేట గేటు దగ్గర
గూడ్సు బండి కదిలేదాకా
ఆటోలో కూర్చుని ఇంకోసారి.

అప్పుడే దొరికింది తప్పు.
పరుగులో ఉన్న మోటారు పవర్ ఫ్యాక్టరు
ఇంకా లేవని మోటారుకి తొడిగాను,
తండ్రి చొక్కా పసివాడికి తొడిగినట్టు.
పాయింట్ ఎనభై ఐదు కొట్టేసి పాయింట్ రెండు వేస్తే
మూడు శాతం కాస్తా రెండులోపుకి దిగింది.
తప్పు దిద్దిన కొద్దీ
లెక్క అందంగా తయారవుతోంది,
మోటారు మాత్రం లేవదు.

చెంగల్వరాయన్ గారు కాగితం వైపు చూడలేదు.
ఇరవై ఎనిమిదేళ్ళ ఉప్పుగాలి ఆయన గొంతులో.
"అది కాదమ్మా, ఇది లేచేటప్పుడల్లా
క్యాంటీన్ ట్యూబ్‌లైటు ఎందుకు కన్ను మూస్తుంది?
దానికీ నీ కేబులుకీ ఏం చుట్టరికం?"

టీ చల్లారింది.

ఏ చుట్టరికమూ లేదు.
ఇద్దరికీ తల్లి ఒక్కతే,
గోడవతల గులకరాళ్ళ మీద
నూనెలో మునిగి హుమ్మంటున్న ట్రాన్స్‌ఫార్మరు.
దాని ఇంపీడెన్సు ఏడు శాతం పైచిలుకు.
నా మొదటి వరుసలో ఏముందంటే:
మూలం అనంతం అనుకొనుము.

ఇచ్చేదానికి అలుపుండదని
ఎవరూ నాకు చెప్పలేదు.
లెక్క సులువవుతుందని
నేనే అనుకున్నాను.

మళ్ళీ మొదటినుంచి.
గ్రిడ్డు, ట్రాన్స్‌ఫార్మరు, ఆ తరవాతే కేబులు.
ఏడువందల తొంభై ఆంపియర్లు ఒక్క గుక్కలో లాగితే
ఆరువేల ఆరువందల్లో మోటారుకి చేరేది
ఐదువేల ఐదువందల తొంభై.
రిలే ఓర్పు ఐదువేల ఆరువందల పది దగ్గర ఆగిపోతుంది.
ఇరవై వోల్టులు.
ఇరవై వోల్టుల కోసం మూడు రోజులు
నేను కేబుల్ని తిట్టాను.

మధ్యాహ్నం షట్‌డౌన్ తీసుకుని
ట్యాపు రెండు మెట్లు ఎక్కించాం.
సాయంత్రం బటన్ నొక్కాక
నా కళ్ళు మీటరు మీద.
నాలుగు, ఐదు, ఆరు,
ఏడో సెకనులో మూలుగు పాటుగా మారి
నేలంతా సన్నగా వణికింది.
వెనక్కి చూస్తే ఆయన లేరు.

క్యాంటీన్ గుమ్మంలోంచి తిరిగొస్తూ
"కొంచెమే వాడింది" అన్నారు,
పూలమొక్క సంగతి చెప్పినట్టు.