పదకొండు మంది బుజ్జిలు

సెప్టెంబరు మూడో మంగళవారం
టెక్కలి ఆసుపత్రి వెనక షెడ్డులో
సువార్తమ్మ సిస్టరు నేలమీద ఒక పట్టీ పరిచింది.
దర్జీ టేపులా ఉంది కానీ నిండా రంగులు.
"తల ఇక్కడ పెట్టండి. మడమ ఏ రంగు మీద ఆగితే
ఆ రంగు సంచీ విప్పండి.
మందు ఎంతో, గొట్టం ఏ సైజో అందులోనే ఉంటుంది.
తుపాను రాత్రి కాటా కోసం వెతుక్కోకండి."

మా ముందు పడుకున్నది రబ్బరు బొమ్మ.
ఏడవదు, తన్నదు,
తడిస్తే చల్లబడి పెదాలు నీలంగా మారవు.
పైలట్ తవుడు తల గోక్కున్నాడు:
"మా ఊరి గుంటలాగ నేదు సిస్టర్,
మరీ బుద్ధిమంతురాలు."
అందరూ నవ్వారు.
నేను కొంచెం ఆలస్యంగా నవ్వాను.

నాలుగేళ్ళ కిందట, రోడ్డుకి అడ్డంగా కొబ్బరిమానులు.
బండి లైట్ల వెలుగులో ఒక ముసలాయన,
భుజం మీద పిల్ల.
ఆయన పిల్ల కాదు. నీళ్ళలో దొరికింది.
నా దగ్గరున్నది పెద్దవాళ్ళ మాస్కు,
నుదుటి నుంచి గెడ్డం కిందికి దిగిపోయింది.
తిరగేసి పెట్టాను, అరచేత్తో అదిమిపట్టాను,
గాలి నా వేళ్ళ సందుల్లోంచి పోతూనే ఉంది
టెక్కలి దాకా.

బతికింది.
"పేరేటమ్మా?" అంటే "బుజ్జి" అంది.
రిజిస్టరులో అదే రాశాను: బుజ్జి, ఆడ, సుమారు నాలుగేళ్ళు.
ఆ రాత్రి షెల్టర్లలోనూ వార్డుల్లోనూ
పదకొండు మంది బుజ్జిలు తేలారు.
తుపానుకి మాత్రం పుట్టకముందే పేరుంది,
రేడియోలో గంటగంటకీ పిలిచారు.

మూడో రోజుకి తల్లి దొరికింది.
దొరికింది అని రాయడం తేలిక.
ఆ మూడు రోజులూ ఆమె
పదిమంది బుజ్జిల ముఖాల మీద గుడ్డ తొలగించి
కాదు, కాదు అంటూ నడిచింది.

అందుకే ఈ శనివారం, డ్యూటీ కాకపోయినా,
పట్టీ పట్టుకుని భావనపాడు బడికి వెళ్ళాం.
పిల్లలకిది కొత్త ఆట.
ఎరకయ్య కొడుకు దానయ్య
పై రంగు అందాలని కాలివేళ్ళు సాగదీశాడు.
"బిగదీసుకోకురా, మందు ఎక్కువైపోద్ది" అన్నాను.
వాడికి ఇంకా నవ్వొచ్చింది.

గట్టుమీద వల కుట్టుకుంటున్న ముసలామె, నూకాలు,
ఇదంతా చూసి చూసి లేచొచ్చింది.
మనవరాల్ని చంకల కింద చేతులేసి ఎత్తి
"పదమూడు కేజీలు" అంది.
పట్టీ మీద కొలిచాం.
ఆమె వల దగ్గరికి తిరిగి వెళ్ళిపోయింది,
మా జవాబు వినకుండానే.
నలభై ఏళ్ళు చేపల తట్టలెత్తిన చేతులు.

తరవాత పేర్లు.
"మీ అమ్మ పేరేటి?"
"అమ్మ."
"అది కాదమ్మా, మీ నాన్న ఏటని పిలుస్తాడు?"
"ఒసే."
టీచరుగారు కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నారు.
అరగంట పట్టింది.
ప్రతి ముంజేతి మీదా తన పేరు, తల్లి పేరు, వీధి,
ఐసు పెట్టెల మీద నంబర్లు వేసే నల్ల మార్కరుతో.

దానయ్య చెయ్యి చాచి ఉంచే అడిగాడు:
"సెట్లు పడిపోయి బండి రాకపోతే?"
సువార్తమ్మ సిస్టరు ఇచ్చిన పుస్తకంలో
ఆ పేజీ ఉందో లేదో గుర్తురాలేదు.
తవుడు వాణ్ణి బండి వెనక్కి తీసుకెళ్ళాడు.
చిన్న మాస్కులు ముందు వరసలో,
ప్లాస్టిక్ కవర్లలో పొడి తువ్వాళ్ళు,
రెండు బిస్కెట్ పొట్లాలు,
సీటు కింద, తన సొంత డబ్బుతో కొన్న రంపం.
వాడు రంపం పళ్ళు వేలితో తడిమి చూశాడు.
ఏమీ అనలేదు.

సాయంత్రం వచ్చేస్తుంటే అద్దంలో కనబడ్డారు,
అందరూ కెరటాల్లోనే ఉన్నారు.
ఇసకతో చేతులు రుద్దుకుంటున్నారు,
ఎవరిది ముందు చెరుగుతుందో పందెం.
చెరగని సిరా అని మార్కరు మీద రాసుంది.

వచ్చే శనివారం మళ్ళీ రాయాలి.
అక్టోబరుకి ఇంకా తొమ్మిది రోజులు.