లేతపాకం

అక్టోబరు. నార్విక్. మైనస్ ఆరు.
కొట్టు తెరిచి ఇంకా చేతితొడుగులు విప్పకముందే
తోర్లైఫ్ వచ్చి
ఇంజన్ ఆయిల్ అలమర ముందు నిలబడ్డాడు,
పాత పెళ్లి ఫోటోలో
ఎవరు ఎవరో పోల్చుకుంటున్నట్టు.

ముప్పై ఏళ్లు లోడింగెన్ ఫెర్రీ అడుగున
ఇంజన్ గదిలో బతికినవాడు.
మనుషుల మాట సగమే వినబడుతుంది.
వాల్వు చప్పుడు మాత్రం
వీధి చివరి నుంచే పట్టేస్తాడు.

బయట అతని కారు.
ఎనభై ఏడు నాటి పోర్షే. ఎర్రది అనేవాళ్లు,
రోడ్ల మీది ఉప్పు తిని తిని ఇటుక రంగుకి దిగిపోయింది.
మీటరు మూడు లక్షల పన్నెండు వేల దగ్గర ఆగి నాలుగేళ్లు.
ఆ తర్వాత తిరిగిందంతా నోటిలెక్క.
వెయ్యి కిలోమీటర్లకి లీటరు ఆయిల్ తాగుతుంది.
"నా వయసులో నేను ఇంతకంటే ఎక్కువే తాగాను" అంటాడు.

నా పాఠం నేను ఒప్పజెప్పాను:
డబ్ల్యూ ముందున్న అంకె చలిది,
వెనకున్నది వేడెక్కాక మిగిలే చిక్కదనం.
ఐదు-నలభై లేతపాకం, తాళం తిప్పగానే
పైన కామ్‌షాఫ్ట్ దాకా పరుగెత్తుతుంది.
పది-అరవై ముదురుపాకం, అరిగిన సందుల్లో
మెత్తగా సర్దుకుని కూర్చుంటుంది.
మోత తగ్గుతుంది, పొగ తగ్గుతుంది,
కానీ ఈ చలిలో మొదటి అరనిమిషం
లోపల ఇనుము ఇనుముని కొరుకుతుంది.
సింథటిక్ అంటావా,
ఇన్నాళ్లూ మురికే కప్పెట్టిన సీళ్ల చిల్లులు
ఒక్కొక్కటీ వెతికి బయటపెడుతుంది.
జింకు ఎక్కువున్నది ఇదిగో. రెట్టింపు ధర.

విన్నాడో లేదో.
రెండు చేతుల్లో రెండు డబ్బాలు పట్టుకుని
కొబ్బరికాయ కొనేవాడిలా
చెవి దగ్గర పెట్టి ఊపాడు.
పది-అరవై తెచ్చి కౌంటరు మీద పెట్టాడు.

"రేపు ఒకమ్మాయి వస్తోంది, హర్‌స్టాడ్ నుంచి.
సిన్నొవె. కారు చూడ్డానికి."

తుంటి మార్పించుకున్నాక
ఆ సీట్లోకి దిగడం బావిలోకి దిగడమే అతనికి.
పోయిన వారం పైకి లేవలేక
పెట్రోలు బంకులో హారన్ కొట్టి మనిషిని పిలిచాడట.
చెప్పి తనే నవ్వాడు.
నేను నవ్వలేదు. బిల్లూ కొట్టలేదు.

ఇద్దరికీ తెలుసు.
రెండో బేరింగు దగ్గర ఆ చప్పుడు,
యాక్సిలరేటరు మీంచి కాలు తీసినప్పుడు మాత్రమే,
గోడకి అవతల ఎవరో మేకు కొడుతున్నట్టు.
ముదురుపాకం పోస్తే ఓ వారం అణిగి పడుంటుంది.
వారం చాలు, కారు అమ్మడానికి.

కిటికీలోంచి ఇనుపరాయి రైలు
రేవు వైపు దిగుతోంది.
పెట్టె వెనక పెట్టె, పెట్టె వెనక పెట్టె.
లెక్కపెడుతున్నాడేమో,
ఆఖరిది పోయేదాకా కదల్లేదు.

అప్పుడు డబ్బా తీసుకెళ్లి
ఉన్న చోటే, లేబుల్ ముందుకి తిప్పి మరీ పెట్టొచ్చాడు.
ఐదు-నలభై. ఆరు లీటర్లు. ఒక ఫిల్టరు.
డ్రెయిన్ బోల్టుకి కొత్త రాగి వాషరు
(పాతది సరిపోదా అని దానికో బేరం).
"దాన్ని మాట్లాడనీ" అన్నాడు.
"ఆ పిల్లకి చెవులుంటే వింటుంది.
లేకపోతే నేనే చెప్తాను."
తలుపు దాకా వెళ్లి ఆగాడు.
"ముందు మాత్రం విననీ."

సోమవారం పొద్దున
ఇటుక రంగు కారు కొట్టు ముందు ఆగింది.
ఇంజన్ ఆపకుండానే దిగింది పొడవాటి పిల్ల,
వీధంతా టక్ టక్, టక్ టక్.
చేతిలో చీటీ. అతని పెద్ద పెద్ద అక్షరాలు:
బేరింగుల సెట్టు, కొలతతో సహా.
కింద ఏదో రాసి, కొట్టేసి,
మళ్లీ అదే రాశాడు:

"బిల్లులో సగం నా పేర."