రెండు గాట్లు

సీలైన్ ఇసుక ఇంకా చల్లగానే ఉంది.
కొక్కెం పానా పట్టుకుని
క్వాడ్ బండి పక్కన వెల్లకిలా పడుకున్నాను.

స్ప్రింగు మెడ తిప్పితే
గాటు గాటుకీ ‘టక్’మంటుంది.
నిన్నటి కిరాయి మనిషికి నాలుగో గాటు.
ఇవాళ అతని బావమరిదికి ఎంతో,
ఎవర్నీ అడగను.
చెప్పులు ఇసుకలో ఎంత దిగాయో చూస్తాను.

“కాంటా లేని కిరాణా దుకాన్రా నీది”
అని గంగనర్సు నవ్వుతాడు.

వదిలేస్తే దిబ్బ దిగేచోట అడుగు కొట్టుకుంటుంది,
బిగిస్తే నడుం విరుగుతుంది.
నడుమ ఎక్కడో ఒక చోటుంది,
అది చేతికే తెలుస్తుంది.

సాయంత్రం బళ్లన్నీ కడిగాక
తొమ్మిదో నంబరెక్కి కూర్చున్నాను.
వేలెడు కూడా కుంగలేదు.
ఆరేళ్లుగా ఎందర్నో మోసిన స్ప్రింగు
నన్ను మాత్రం లెక్కలోకి తీసుకోలేదు.

దిగి, నాలుగింటికీ
రెండేసి గాట్లు వదిలాను.
మళ్లీ ఎక్కితే
బండి మెల్లగా ఊపిరి విడిచి కిందికి దిగింది.

తాళంచెవి ఆఫీసులో ఉంది.
మెసయీద్ గొట్టాల మంటలు
ఆకాశాన్ని ఎర్రజేసేదాకా
అలాగే కూర్చున్నాను,
ఎటూ పోకుండా.

తెల్లారేసరికి మళ్లీ బిగించాలి.
ఏడింటికి జర్మనీ వాళ్లొస్తున్నారు,
ముగ్గురూ భారీ మనుషులేనట.